పెట్టెలోంచి టికెట్టు

ఇంజినీర్లు పట్టాలు అందుకునే ఇలాంటి వేదికల మీద శాస్త్రవేత్తల కథలు చెప్పడం ఆనవాయితీ. ఈ పూట కథానాయకుడికి తొమ్మిదేళ్లు.

2011 వేసవి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, బాయిల్ హైట్స్ పేటలో పాత కార్ల విడిభాగాల దుకాణం. యజమాని కొడుకు కెయిన్‌కు సెలవులు అక్కడే గడిచాయి. బేరాలు తక్కువ, ఖాళీ అట్టపెట్టెలు ఎక్కువ. ఒక్కో పెట్టే ఒక్కో ఆటగా మారి, దుకాణం ముందు భాగం ఆటలశాల అయింది. గెలిచినవాళ్లకు యంత్రంలోంచి టికెట్లు రావాలి కదా! అట్టకు చీలిక పెట్టి, తనే పెట్టెలోకి దూరి, లోపలి నుంచి టికెట్లు బయటికి తోసేవాడు. డాలరుకు నాలుగు ఆటలు, రెండు డాలర్ల పాసుకు 500. (ఈ లెక్క చూపిస్తే ఏ బ్యాంకూ అప్పివ్వదు.) దొంగ పాసుల్ని పట్టుకోవడానికి ఆటలకు క్యాలిక్యులేటర్లు కూడా అతికించాడు: పాసు మీది అంకెలు కొట్టి వర్గమూలం మీట నొక్కితే గుట్టు తేలుతుంది.

కారు తలుపు పిడి కోసం వచ్చిన దర్శకుడు నిర్వాణ్ ములిక్ అతని తొలి గిరాకీ. 2012లో ఆయన విడుదల చేసిన చిన్న చిత్రంతో ఆ ఆటలశాల లోకానికి తెలిసింది.

ఆ ఆటలశాలను నిలబెట్టిన అట్టను కోసి అంచు చూస్తే, రెండు కాగితాల మధ్య అలలు తిరిగిన మరో కాగితం కనిపిస్తుంది. ఆ అలలు నిలువుగా ఉంటే అట్ట బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే నలుగుతుంది. బొమ్మకుర్చీ చేసిన పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కూర్చోగానే కాలు మడతపడుతుంది. లేచి, అట్టను తిప్పి మళ్లీ కోస్తుంది. పోయింది పావుగంట, రెండు మూరల టేపు. పరీక్షలో తప్పితే మార్కులు పోతాయి, ఎందుకు పోయాయో తెలియదు. అట్ట ఎక్కడ తప్పిందో అక్కడే వంగి చూపిస్తుంది. ఖరీదైన కిట్లకు ఈ గుణం తక్కువ. వాటిలో జవాబు ముందే అచ్చయి వస్తుంది.

అట్టపని పిల్లల వ్యవహారమే అనుకునేవాళ్లు న్యూజీలాండ్ వైపు చూడాలి. 2011 భూకంపంలో క్రైస్ట్‌చర్చ్ ప్రధాన చర్చి దెబ్బతింటే, జపాన్ వాస్తుశిల్పి షిగెరు బాన్ అట్ట గొట్టాలతో తాత్కాలిక చర్చి రూపొందించారు. అది 2013లో తెరుచుకుంది. మరుసటి ఏడాది ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

అంత దూరమెందుకు, మన ఇళ్లలో సంక్రాంతి బొమ్మల కొలువుకు చీర కింద మెట్లుగా నిలిచేవి చాలాసార్లు ఖాళీ డబ్బాలే. బరువైన బొమ్మ ఏ మెట్టు మీద నిలుస్తుందో ఒకసారి కూలిన కొలువును సర్దిన పిల్లలకు బాగా తెలుసు.

మీ హాస్టల్ వరండాల్లో సామాన్లు సర్దిన పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. ఇంటికి చేరి ఖాళీ చేశాక వాటిని పాత సామాన్లవాడికి వేసేముందు, పక్కింటి పిల్లల్ని ఒక్కసారి కేకేయండి. బ్లేడు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.