కాలువల నాట కరెంటు లెక్క



సూర్యరశ్మికి ధర లేదు, కాలువలో పారు నీటికి ధర లేదు, కావున వానినుండి పుట్టు విద్యుత్తు ఉచితముగా లభించునని కొందరు చెప్పుచున్నారు. అది కలవారి వేడుకయే కాని పల్లెలకు అక్కరకు రాదని మరికొందరు వాదించుచున్నారు. ఈ రెండు మాటలును లెక్కకు నిలువవు. గ్రామపంచాయతీ సభ్యులైన మీ బల్లమీదికి నేడో రేపో ఒక కాగితము రానున్నది. పంచాయతీ కచేరిపై సోలారు పలకలు వేయుదుమనియో, చెరువుగట్టును ఇరువదియైదేండ్లకు కౌలుకిమ్మనియో అందులో ఉండవచ్చును. దానిపై చేవ్రాలు చేయుటకు ముందు ఏమేమి చూడవలెనో మనము విచారింతము.

గోదావరి డెల్టా ప్రజలకు ఈ అర్థశాస్త్రము కొత్తది కాదు. 1847లో ఆర్థర్ కాటన్ దొరగారి ఆధ్వర్యవమున ధవళేశ్వరమువద్ద ప్రారంభమై 1852లో పూర్తియైన ఆనకట్ట ఇట్టిదే. అంతకు పూర్వము ఏతము తొక్కి నీరు తోడుకొనువాడు ప్రతి బొక్కెనకును చెమటతో వెల చెల్లించుచుండెను. ఆనకట్ట కట్టుటకు మొదటనే పెద్దసొమ్ము వ్యయమైనది. పిమ్మట నీరు పల్లమునుబట్టి తానే పారినది. పూడిక తీయుటకును, లాకుల మరమ్మతులకును, పెట్టిన సొమ్ముపై వడ్డీకిని తప్ప ఏటేటా వేరు ఖర్చు లేదు. సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు, జలవిద్యుత్తు ఈ జాతికి చెందినవి. బొగ్గు, సహజవాయువు ఏతముజాతికి చెందినవి. యంత్రము తిరుగుచున్నంతకాలము ఇంధనము కొనుచునే యుండవలెను.

కావున పునరుత్పాదక విద్యుత్తు ధరను నిర్ణయించునది ఎండ కాదు, వడ్డీ. ఒక ఉదాహరణము చూతము. ఇంటికప్పుపై 3 కిలోవాట్ల సోలారు ఏర్పాటునకు కేంద్రప్రభుత్వము సహాయనిర్ణయమునకై లెక్కగట్టిన ధర 1,45,000 రూపాయలు. మన ప్రాంతమున ఒక కిలోవాటుకు దినమునకు సగటున 4 యూనిట్లు వచ్చును. దుమ్ము, ముసురు, మరమ్మతులు పోను 3 కిలోవాట్లకు సంవత్సరమునకు 4,000 యూనిట్లని తక్కువగానే వేసికొందము. ఈ మొత్తమును 7 శాతము వడ్డీకి అప్పు తెచ్చి, పదేండ్లలో సమానవాయిదాలుగా తీర్చినచో ఏటికి సుమారు 20,600 రూపాయలు, అనగా యూనిటుకు 5 రూపాయల 16 పైసలు పడును. అదే అప్పు 12 శాతమునకు తెచ్చినచో యూనిటుకు 6 రూపాయల 42 పైసలు. ఎండ అదే, పలక అదే, ఇంటికప్పు అదే. రూపాయి పావలాకు మించిన తేడా అంతయు అప్పిచ్చినవాని పాలు. ఇక 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము 3 కిలోవాట్లకు ఇచ్చు 78,000 రూపాయల సహాయమును తీసివేసినచో మిగులు అప్పు 67,000 మాత్రమే. 7 శాతము వడ్డీపై యూనిటుకు 2 రూపాయల 40 పైసలకు లోపుగనే వచ్చును. పదేండ్లు గడచి అప్పు తీరిన పిదప పలకలు మరి పదేను సంవత్సరములు పనిచేయవలసినవి. నడుమ ఒకసారి ఇన్వర్టరు మార్చు ఖర్చు మాత్రము చేతిలో ఉంచుకొనవలెను. అమ్మవచ్చినవారు సాధారణముగా ఈ మాట చెప్పరు.

అయితే ఇది అందరికిని ఒకే తీరున లాభించునా? లాభింపదు. మన రాష్ట్రమున 2022లో అమలులోనికి వచ్చిన గృహవినియోగ ధరల ప్రకారము మొదటి 30 యూనిట్లకు ఒక్కింటికి 1 రూపాయి 90 పైసలు, 75 యూనిట్లవరకు 3 రూపాయలు, 225 దాటి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. రెండు దీపములు, ఒక పంకా, ఒక టీవీ కల కూలివాని ఇల్లు నెలకు 75 యూనిట్లు వాడినచో ఈ ధరల చొప్పున ఛార్జి 192 రూపాయలే. ఆ యింటికి సోలారు పెట్టుటవలన మిగులునది స్వల్పము. చల్లనియంత్రములు కల మేడకు మిగులునది అధికము. ఇందులో మనము గమనింపవలసిన చిక్కొకటి కలదు. ఎక్కువ ధర చెల్లించు ఇండ్లన్నియు తమ కరెంటు తాము చేసికొని, రాత్రివేళ మాత్రము కంపెనీ తీగెలపై ఆధారపడినచో, స్తంభముల ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు, లైన్‌మన్ జీతము ఎవరు భరింతురు? క్రమముగా ఆ భారము చిన్నవాడుకదారులపైకి జరుగును. షెడ్యూల్డు కులముల, తెగల ఇండ్లకు 2 కిలోవాట్లవరకు ఉచితముగా అమర్చు ఏర్పాటును రాష్ట్రప్రభుత్వము చేపట్టుటలోని అర్థము ఇక్కడ కనబడును. ఆ జాబితాలో అర్హుల పేర్లు జారిపోకుండ చూచుట పంచాయతీ సభ్యుల పని. తాటాకు కప్పుపైనను, పాతబడిన రేకులపైనను పలకలు నిలువవు. అట్టి ఇండ్లవారు కప్పు లేని కారణమున ఈ మేలును కోల్పోకుండ, ఉమ్మడిస్థలమున ఏర్పాటుచేయుటకు వీలున్నదేమో అధికారులను అడుగవలెను.

ఇంధనమును నమ్ముకొన్న పెట్టుబడి ఏమగునో చూచుటకు మనము దూరము పోనక్కరలేదు. కృష్ణా గోదావరి బేసినులో గ్యాసు లభించునను ఆశతో జేగురుపాడు, వేమగిరి, పెద్దాపురము, రావులపాలెము ప్రాంతములలో విద్యుత్కేంద్రములు వెలసినవి. వానిలో గ్యాసుకై ఏండ్ల తరబడి ఎదురుచూచిన నాలుగింటి సామర్థ్యమే కలిపి సుమారు 1,500 మెగావాట్లు. 2009 ఏప్రిలులో సముద్రములోని డి-6 క్షేత్రమునుండి గ్యాసు రాసాగినది. రెండేండ్లలోనే తగ్గుముఖము పట్టినది. 2013 మార్చి నాటికి ఆ క్షేత్రమునుండి విద్యుత్కేంద్రములకు సరఫరా నిలిచిపోయినది. సామర్లకోటవద్ద 2,400 మెగావాట్లకు తలపెట్టిన కేంద్రము గ్యాసు లేక నడువనేలేదు. గ్యాసు మన కాళ్లక్రింద ఉన్నను, యంత్రములు మన కన్నులముందు ఉన్నను, ఇచ్చిన అప్పులు తిరిగిరాక బ్యాంకులు చిక్కులలో పడినవి. ఎండకు ఈ భయము లేదు.

ఎండకు లేని భయము ఊకకు కలదు. వడ్లు ఆడించినప్పుడు నూటికి ఇరువది వంతులు ఊకగా వచ్చును. ఒకప్పుడు మిల్లు వెనుక గుట్టలు పోసి తగులబెట్టిన ఊకను మండించి కరెంటు తీయవచ్చునని తెలియగానే అది సరుకైనది. 1997లో రాష్ట్రప్రభుత్వము ఇట్టి విద్యుత్తునకు యూనిటుకు 2 రూపాయల 25 పైసలుగా ధర నిర్ణయించి ఏటేటా 5 శాతము పెంపు కల్పించినది. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరలను మార్చగా వ్యాజ్యములు సుప్రీంకోర్టువరకు నడచినవి. ఈలోగా బాయిలర్లకును, ఇటుకబట్టీలకును కూడ ఊక కావలసివచ్చి దాని వెల పెరిగినది. కరెంటు ధర ఒప్పందమున ఒకచోట నిలిచి, ఊక ధర అంగడిలో పరుగెత్తిన కేంద్రమునకు గిట్టుబాటెట్లు కాగలదు?

దీనికి తలక్రిందుగా నడచిన కథ కూడ ఉన్నది. సోలారు పలకల ధర తగ్గుచు వచ్చినది. 2015 నవంబరులో మన రాష్ట్రమున వేలముపాటలో యూనిటు 4 రూపాయల 63 పైసలు పలికినది. 2017 ఏప్రిలులో కడపజిల్లా ప్రాజెక్టునకు 3 రూపాయల 15 పైసలే పలికినది. అంతకుముందు హెచ్చుధరకు కుదిరిన పవన, సౌర ఒప్పందములు ప్రభుత్వమునకు భారముగా తోచినవి. 2019 జులైలో వానిని తిరిగి బేరమాడుటకు ఉన్నతస్థాయి సంఘమును నియమించిరి. ఉత్పత్తిదారులు హైకోర్టుకు పోయిరి. 2022 మార్చిలో న్యాయస్థానము ఒప్పందములోని ధరయే చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. ధర పెరిగినను చిక్కే, తరిగినను చిక్కే. ఇరువదియైదేండ్ల కాగితముపై నేటి ధరను మాత్రమే చూచి చేవ్రాలు చేయరాదు. ఎప్పుడెప్పుడు, ఏ లెక్క ప్రకారము ధరను తిరిగి చూతురో అందులో వ్రాసియుండవలెను.

ఇక వేళల మాట. పశ్చిమ డెల్టాలో రొయ్యల, చేపల చెరువులు ఎన్ని వెలసినవో మీకు తెలియును. పగటివేళ నీటిలోని నాచు ఎండ సాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రియంతయు చేప, రొయ్య, నాచు అన్నియు దానిని పీల్చుకొనుటచే తెల్లవారుజామునకు అది మిక్కిలి తగ్గిపోవును. ఏరియేటర్లు తిరుగవలసినది ముఖ్యముగా అప్పుడే. సోలారు పలక నిద్రపోవునది కూడ అప్పుడే! ఆ రెండు గంటలు కరెంటు పోయినచో ఒక పంట మొత్తము తేలిపోవును. చెరువుగట్టున పలకలు పెట్టుకొన్నంతమాత్రమున ఆక్వారైతు కష్టము తీరునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. పగటి కరెంటును రాత్రికి దాచవలెను. బ్యాటరీలతో దాచవచ్చును, వ్యయము హెచ్చు. పగటి మిగులు కరెంటుతో నీటిని ఎగువ జలాశయమునకు తోడి, రాత్రి క్రిందికి వదలుట మరియొక పద్ధతి. అందులో నూరు యూనిట్లు ఖర్చుచేసిన ఇంచుమించు 75 నుండి 80 తిరిగివచ్చును. ఎగువ సీలేరులో ఇట్టి 1,350 మెగావాట్ల కేంద్రమును ఏపీజెన్కో తలపెట్టినది.

పంచాయతీలకు మాత్రము చేతిలోనే ఒక బ్యాటరీ కలదు. అది మంచినీళ్ల ట్యాంకు. తెల్లవారి, సాయంత్రము మోటారు వేయు అలవాటును మార్చి, మిట్టమధ్యాహ్నము నింపుకొన్నచో సోలారు కరెంటు నేరుగా పనికివచ్చును. సాయంత్రము కుళాయి విప్పినప్పుడు వచ్చునది పగటియెండయే. వీథిదీపములకు ఈ ఉపాయము చెల్లదు. వానికి నెట్‌మీటరు కావలెను, అనగా పగలు తీగెలోనికి ఇచ్చిన యూనిట్లను రాత్రి వాడుకలో తగ్గించు ఏర్పాటు. పంచాయతీకి నీళ్లమోటారు మీటరు ఒకటి, వీథిదీపముల మీటర్లు వేరు, కచేరి మీటరు వేరుగా ఉండుట వాడుక. ఒకచోట పుట్టిన యూనిటు మరియొక మీటరు బిల్లులో తగ్గునో తగ్గదో తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారి వద్ద వ్రాతమూలకముగా తెలిసికొనిన తరువాతనే పలకల సంఖ్య నిర్ణయింపుడు.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది భూమి విషయమున. 2024 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము సమీకృత స్వచ్ఛ ఇంధన విధానమును ప్రకటించి, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడిని లక్ష్యముగా పెట్టుకొన్నది. అందులోని పెద్దక్షేత్రములకు రాయలసీమ మెట్టభూములు అనువైనవి. కర్నూలు ప్రాంతమున 1,000 మెగావాట్ల సోలారు పార్కునకు సుమారు 6,000 ఎకరములు పట్టినవి, అనగా మెగావాటుకు దాదాపు ఆరెకరములు. సార్వా, దాళ్వా రెండు పంటలు పండు మాగాణిలో ఆరెకరములను ఇనుపకాళ్లక్రింద మూయుట డెల్టాకు తగిన పని కాదని మా అభిప్రాయము. భూస్వామికి వరికౌలుకంటె సోలారు కౌలు హెచ్చుగా రావచ్చును. కాని మన డెల్టాలో దున్నువారు పెక్కుమంది కౌలురైతులు. ఒప్పందము వ్రాయునాడు వారిని పిలువరు. నాట్లువేయు, కోతకోయు కూలీలను అసలే పిలువరు. గ్రామసభలో ఆ ప్రశ్న వేయవలసినవారు మీరే.

మాగాణి కానిచోట్లు మనకు లేకపోలేదు. భీమవరముదగ్గర గొల్లవానితిప్పవద్ద లోసరి కాలువమీద ఏపీజెన్కో ఒక మెగావాటు సోలారు కేంద్రమును నిర్మించినది. కాలువపై కప్పినందున సెంటుభూమి పోలేదు. నీరు ఆవిరియగుట కొంత తగ్గును. కాని కాలువకు అడ్డముగా ఇనుపదూలములు వేయవలసియుండుటచే నేలమీదికంటె ఖర్చెక్కువ, పూడిక తీయు యంత్రములకు దారి విడువవలెను. నిడదవోలు ప్రాంతమున చెట్టిపేటవద్ద కాలువనీరు దిగువకు దిగుచోట ఒక మెగావాటు చిన్న జలవిద్యుత్కేంద్రము ఉన్నది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు అట్టివి ఆగిపోవును. ఆగినను ఇంధనపు బాకీ పెరుగదు. వడ్లమిల్లుల కప్పులు, ధాన్యపు గిడ్డంగులు, పాఠశాలలు, సముద్రతీరమున వరి పండని ఉప్పునేలలు, వీనిని ముందుగా చూడవలెను. 2019లో వచ్చిన కుసుమ్ పథకము 500 కిలోవాట్లనుండి 2 మెగావాట్లవరకు కేంద్రములను పెట్టుటకు పంచాయతీలను, రైతుసంఘములను కూడ అర్హులుగా గుర్తించినది.

తీరప్రాంతమువారు 1996 నవంబరు 6వ తేదీ తుపానును మరువరాదు. ఉప్పుగాలికి తుప్పుపట్టని ఇనుమును, పెనుగాలికి నిలుచు బిగింపును, భీమాను ఒప్పందములో అడుగుడు. పలక ఎగిరిపోయి ప్రక్కయింటిపై పడినచో నష్టమెవరిదో కూడ వ్రాయింపుడు.

పంచాయతీకి నేరుగా లభించునవి రెండు చెప్పి విరమింతుము. సూర్యఘర్ పథకమున గ్రామములో వేసిన ఒక్కొక్క కప్పుసోలారుకు స్థానికసంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకము ఏర్పరచిరి. 2024 ఆగస్టులో వెలువడిన నియమముల ప్రకారము 5,000కు మించిన జనాభా కల రెవెన్యూ గ్రామములు ఆదర్శ సౌరగ్రామ పోటీకి అర్హములు. ఆరుమాసములలో అధిక సామర్థ్యమును నెలకొల్పిన గ్రామమునకు జిల్లాకొకటి చొప్పున కోటి రూపాయల సహాయము నిర్ణయించిరి. మీ గ్రామపు గడువులు నెడ్‌క్యాప్ జిల్లా కార్యాలయమున తెలియును. పోవునప్పుడు పంచాయతీ మీటర్లన్నిటి పన్నెండునెలల బిల్లులు వెంట తీసికొనిపొండు. ఒప్పంద పత్రమును తెలుగున వ్రాయించి, తీర్మానమునకు ముందు గ్రామసభలో మొదటినుండి చివరివరకు చదివింపుడు.