ఆ మాట మీది కాదు



స్నాతకోత్సవంలో ఎవరు మాట్లాడినా, మిమ్మల్ని కని పెంచి ఇంతవాళ్లని చేసిన అమ్మానాన్నలని ఒక్కసారి తలుచుకోమంటారు. తలుచుకోవలసిందే. పొలం తాకట్టు పెట్టి ఫీజులు కట్టినవాళ్లు, గల్ఫ్‌లో ఎండల్లో పనిచేసి డబ్బు పంపినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. వాళ్లకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే ఆ మాట వినగానే తల దించుకునే పిల్లలు ప్రతి హాల్లోనూ కొందరుంటారు. సెలవులు వస్తున్నాయంటే గుండెలో రాయి పడేవాళ్లు. వాకిట్లో నాన్న చెప్పుల చప్పుడు వినబడగానే పుస్తకం మూసి మూలకి ఒదిగిపోవడం చిన్నప్పుడు అలవాటై, ఇప్పటికీ ఎవరైనా గొంతు పెంచితే అలాగే ఒదిగిపోయేవాళ్లు. నాకిచ్చిన ఈ కాస్త సమయం వాళ్లకోసం వాడుకుంటాను. మిగతావాళ్లూ వినండి. వాళ్లు మీ పక్క కుర్చీలోనే ఉన్నారు.

నేను పిల్లల వైద్యురాలిని. నన్ను కన్న రోజే మా అమ్మ పోయింది. "పుట్టగానే తల్లిని మింగింది" అన్న మాట నా పేరుకంటే ముందే నా చెవిన పడి ఉంటుంది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో కాపురం పెట్టారు. నేను బంధువులింట్లో పెరిగాను. అన్నం పెట్టారు, బట్టలు కొన్నారు. పెట్టిన ప్రతి ముద్దా, కొన్న ప్రతి గౌనూ పదిమందిలో ఎత్తిచూపారు. చింతబరికె దెబ్బలు వారం తిరిగేసరికి తగ్గిపోయేవి. పండక్కి వచ్చిన నాన్న ఇంట్లోని తక్కిన పిల్లలందర్నీ దగ్గరికి తీసుకుని, నా దగ్గరికి వచ్చేసరికి చూపు పక్కకి తిప్పుకునేవారు. అది తగ్గడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇలాంటి ఇంట్లో పెరిగే పిల్ల "వీళ్లు చేస్తున్నది తప్పు" అనుకోదు. "నాలోనే ఏదో తప్పుంది" అనుకుంటుంది. ఎడిన్‌బరోలో పనిచేసిన రొనాల్డ్ ఫెయిర్‌బెర్న్ అనే మానసిక వైద్యుడు 1943లో ఈ సంగతి రాశాడు. ఇళ్లలో నానా హింసా పడిన పిల్లలని ఆయన చూశాడు. తమ తల్లిదండ్రులు చెడ్డవాళ్లని ఒప్పుకోవడానికి ఆ పిల్లలు జంకేవారు. తామే చెడ్డవాళ్లమని ఒప్పుకోవడానికి మాత్రం వెనకాడేవారు కాదు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఐదేళ్ల పిల్లకి వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. అన్నం పెట్టే చెయ్యి చెడ్డదైతే ఇక దిక్కెవరు? తనే చెడ్డదైతే, రేపు మంచిగా మారితే ప్రేమిస్తారేమో అన్న ఆశ ఒకటి మిగులుతుంది. ఆ ఆశ కోసం పసిపిల్ల నేరం నెత్తిన వేసుకుంటుంది. పెద్దయ్యాక ఆ అవసరం తీరిపోతుంది, కానీ నేరం మాత్రం నెత్తి మీదే ఉండిపోతుంది.

ఇది ఏ కొద్దిమంది సంగతో కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. ప్రతి ఇద్దరిలో ఒకరు మాటలతో, అవమానంతో నలిగినవాళ్లు. బళ్లో పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాసుకున్నాం. ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం "దండం దశగుణం భవేత్" అన్న మాటే ఇంకా చట్టంగా చెల్లుబాటవుతోంది.

హౌస్‌సర్జన్సీలో ఉండగా ఒక రాత్రి కాన్పుల వార్డులో ఒక తల్లి చనిపోయింది. పుట్టిన పాపని తుడిచి, బట్టలో చుట్టి, బంధువులకి అప్పగించడానికి వరండాలోకి తెచ్చాను. చేతులు చాపి ఎవరూ ముందుకి రాలేదు. వెనక నుంచి ఒకావిడ అంది, "తల్లిని మింగి పుట్టింది" అని. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాట అది. కానీ ఆ రాత్రి అది ఇంకొక పిల్ల మీద పడింది, ఆ పిల్ల నా చేతుల్లో ఉంది. దాని బరువు రెండున్నర కిలోలు కూడా లేదు. కళ్లు ఇంకా తెరవలేదు. ఈ పిల్ల ఎవరిని మింగగలదు? వాళ్ల అమ్మ ఎందుకు చనిపోయిందో కేస్‌షీట్‌లో నా చేత్తో నేనే రాశాను. కాన్పు తరవాత రక్తస్రావం ఆగలేదు. ఎక్కించాల్సిన రక్తం వేళకి దొరకలేదు.

ఆ తరవాత ఈ దేశం ఏం చేసిందో చూడండి. 2004-06లో లక్ష జననాలకి 254 మంది తల్లులు ప్రాణాలు కోల్పోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య 97కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఈ మధ్యలో పిల్లలు పుట్టే నక్షత్రాలు మారలేదు. ఆస్పత్రి కాన్పులు పెరిగాయి, 108 అంబులెన్సులు వచ్చాయి, రక్తం దొరకడం మెరుగైంది. నా నెత్తిన పెట్టిన నేరానికి అసలు కారణం ఇవి లేకపోవడమే. ఒక పసిదాన్ని దోషిని చేస్తే, ఆస్పత్రి ఎందుకు దూరంగా ఉందని ఎవరూ అడగనక్కర్లేదు.

మీకు తగిలిన మాట వేరే అయి ఉంటుంది. "మళ్లీ ఆడపిల్లే", "నల్లగా పుట్టింది", "అన్నని చూసి నేర్చుకో, వీడెందుకూ కొరగాడు", "నువ్వు పుట్టాకే మాకీ దరిద్రం". ఆ మాట వెనక కూడా అసలు కారణం ఒకటి ఉంటుంది. తాగుడు ఉంటుంది. అప్పులవాళ్లు వాకిట్లో నిలబడటం ఉంటుంది. అత్తింట్లో మాటలు పడి, ఆ కసి బిడ్డ మీద తీర్చుకున్న తల్లి ఉంటుంది. ఇవి తెలుసుకున్నంత మాత్రాన వాళ్లు చేసింది ఒప్పు అయిపోదు. అది మీ గురించి చెప్పిన మాట కాదని మాత్రం తెలుస్తుంది.

బేబీ హాల్దార్ గురించి మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. ఆమె 1973లో కశ్మీర్‌లో పుట్టింది, బెంగాల్‌లో పెరిగింది. తండ్రి తాగి పెట్టే బాధ భరించలేక తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. వెళుతూ ఈ పిల్ల చేతిలో పది పైసల బిళ్ల పెట్టింది. తరవాత తండ్రి దెబ్బలు, సవతి తల్లి. పన్నెండేళ్లకి, తనకంటే పద్నాలుగేళ్లు పెద్దవాడికి ఇచ్చి పెళ్లి చేశారు. పదమూడేళ్లకి తొలి కాన్పు. పాతికేళ్ల వయసులో, 1999లో, ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని రైలెక్కి ఢిల్లీ చేరింది. ఇళ్లలో పాచిపని చేస్తూ చివరికి గుర్గావ్‌లో ప్రబోధ్ కుమార్ అనే రిటైర్డ్ ఆంత్రొపాలజీ ప్రొఫెసర్ ఇంట్లో కుదిరింది. ఆయన ప్రేమ్‌చంద్ మనవడు. అలమరలోని పుస్తకాల దుమ్ము దులిపేటప్పుడు ఆమె చెయ్యి బెంగాలీ పుస్తకాల దగ్గర ఆగిపోవడం ఆయన గమనించాడు. చదవమని తస్లీమా నస్రీన్ బాల్యకథ ఇచ్చాడు. కొన్నాళ్లకి ఒక నోటుబుక్కు, పెన్ను ఇచ్చి, నీ కథ రాయమన్నాడు. పగలంతా పని, రాత్రి పిల్లలు నిద్రపోయాక రాత. ఆ రాత 'ఆలో ఆంధారి'. 2002లో ముందు హిందీ అనువాదంగా వచ్చింది, 2006లో ఇంగ్లీషులోకి వెళ్లింది, తరవాత ఎన్నో భాషల్లోకి.

ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. ఆమె కొన్నిచోట్ల "నేను" అని రాస్తుంది. కొన్నిచోట్ల ఉన్నట్టుండి తనని తనే "బేబీ" అని పిలిచి, ఎవరో పక్కింటి పిల్ల గురించి చెబుతున్నట్టు చెబుతుంది. ఆ పేజీలు చదివినప్పుడు నాకు వరండాలో నా చేతుల్లో ఉన్న పాప గుర్తొచ్చింది. మనల్ని మనం చూసుకున్నప్పుడు కనిపించని న్యాయం, అదే పరిస్థితిలో ఉన్న ఇంకో పిల్లని చూస్తే వెంటనే కనిపిస్తుంది. ఈ రాత్రి మీరూ ఒక పని చేసి చూడండి. ఏడేళ్ల మిమ్మల్ని ఇంకొకరి బిడ్డగా తలుచుకోండి. పలక పట్టుకుని, మోకాలి మీద మానని దెబ్బతో ఆ పిల్ల మీ ముందుకి వచ్చి "నన్నెవరూ ఎందుకు ముద్దు చెయ్యరు?" అని అడిగితే, "నువ్వు అంతకి తగవు" అని చెప్పగలరా? చెప్పలేరు. మరి ఇన్నేళ్లుగా లోపల ఆ మాట చెబుతున్నది ఎవరి గొంతు?

ఆ గొంతు గుర్తుపట్టడం ఒక్కటే చాలదు, మనల్ని పట్టించుకునే మనిషి కూడా ఒకరు కావాలి. హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవి ఉంది. ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రూత్ స్మిత్ తదితరులతో కలిసి, 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లల్ని నలభయ్యేళ్ల వయసు దాకా వెంబడించి పరిశీలించింది. వాళ్లలో పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు ఇలా నాలుగైదు కష్టాలు ఒకేసారి మీద పడిన పిల్లలున్నారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది పదేళ్లకో పద్దెనిమిదేళ్లకో చిక్కుల్లో పడ్డారు. మిగిలిన ఆ ఒక్క వంతూ మాత్రం నిలదొక్కుకుని, నలుగురికీ సాయపడే మనుషులయ్యారు. వాళ్లందరి జీవితాల్లోనూ వెర్నర్‌కి కనిపించిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కనీసం ఒక్క పెద్ద మనిషి వాళ్లని నిలకడగా పట్టించుకోవడం. అమ్మమ్మ కావచ్చు, అక్క కావచ్చు, టీచరో ఇరుగుపొరుగో కావచ్చు. గుండెదిటవు పిల్లల ఒంట్లో పుట్టుకతో వచ్చే గట్టిదనం మాత్రమే అనుకుంటాం. చాలావరకు అది ఎవరో చేతికిచ్చిన సొత్తు.

ఆ సొత్తు నాకు ఇచ్చినావిడ మా పక్కింట్లో అప్పడాలు ఒత్తి అమ్ముకునేవారు. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. పొద్దున్నే పెరటిగోడ దగ్గరికి పిలిచి, చిక్కు తీసి, నూనె రాసి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేవారు. "ఇవాళ బళ్లో ఏం చెప్పారో సాయంత్రం నాకు చెప్పాలే అమ్మాయ్" అనేవారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. నేను గోదావరి ఎక్కడ పుట్టిందో, రక్తం ఎలా ప్రవహిస్తుందో చెబుతుంటే అప్పడాల కర్ర పక్కన పెట్టి వినేవారు. నా మాట వినడానికి ఒక మనిషి చేతిలో పని ఆపింది. దానితోనే నేను డాక్టరునయ్యాను.

కవాయి పరిశోధనలో జనం తక్కువగా చెప్పుకునే భాగం ఇంకొకటుంది. పద్దెనిమిదేళ్లకి చెడిపోయారనుకున్న పిల్లల్లో చాలామంది ముప్ఫై, నలభై ఏళ్లు వచ్చేసరికి బాగుపడ్డారు. మళ్లీ కాలేజీలో చేరడం, ఒక నిలకడైన ఉద్యోగం, ప్రేమగా చూసుకునే జీవిత భాగస్వామి, నలుగురితో కలిసే ఒక ప్రార్థనా మందిరం, వీటిలో ఏదో ఒకటి వాళ్ల దారిని మళ్లించింది. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనవాళ్లు అంటారు. ఈ ఒక్క విషయంలో ఆ సామెతని నేను ఒప్పుకోను. ఇవాళ మీకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఇప్పటిదాకా మిమ్మల్ని పట్టించుకున్న మనిషి దొరకలేదంటే, ఇక దొరకరని కాదు.

ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. ప్రేమ దొరకని పిల్లలు తరచు బాగా చదువుతారు. ర్యాంకు తెస్తే చూస్తారు, గోల్డ్ మెడల్ తెస్తే దగ్గరికి తీసుకుంటారు అనుకుంటూ చదువుతారు. మీలో పతకం వచ్చినవాళ్లు ఎందరు, ఇంటికి ఫోన్ చేసి చెప్పాక, అవతల నుంచి "సరే" అన్న ఒక్క మాట విని ఫోన్ పెట్టేశారో నాకు తెలియదు. మీ చదువు మీ సంపాదన, దాన్ని ఎవరి గడప ముందూ అర్జీలాగా పట్టుకుని నిలబడకండి. అలా నిలబడితే ఎంత పెద్ద ఉద్యోగం వచ్చినా చాలదు, అమెరికా వెళ్లినా చాలదు. ఏ పతకమూ లేని రోజున కూడా మీరు ప్రేమకి తగినవాళ్లే. వరండాలో ఆ పాప ఏం సాధించిందని నేను గుండెకి హత్తుకున్నాను?

"నన్ను కొట్టబట్టే ఇంతవాణ్ణయ్యాను" అనేవాళ్లని చూస్తాం. మీరు ఆ మాట అనకండి. దెబ్బలు తిని దారి తప్పినవాళ్లు ఈ వేదికల మీదికి రారు, అందుకే వాళ్ల లెక్క మనకి వినిపించదు. మీరు నిలబడింది మీ కష్టం వల్ల, మీకు చెయ్యందించినవాళ్ల వల్ల. ఆ గొప్పతనాన్ని బెత్తానికి కట్టబెట్టకండి. క్షమించమని మిమ్మల్ని తొందరపెట్టే పెద్దలు ఉంటారు, మన ఇళ్లలో అది మరీ ఎక్కువ. క్షమించాలా వద్దా, ఎప్పుడు, ఎంత దూరంలో ఉండి అన్నది మీ ఇష్టం. మా నాన్న ఆఖరి రోజుల్లో వైద్యం నేనే చూశాను. ఆయన క్షమాపణ అడగలేదు, నేను ఎదురుచూడలేదు. రోగి పట్ల వైద్యురాలికి ఉండే శ్రద్ధతో చూశాను, అంతకుమించి నటించలేదు. అదీ మనశ్శాంతినే ఇచ్చింది.

రాత్రిళ్లు నిద్రపట్టనివాళ్లు, బతుకు మీద విసుగు పుట్టినవాళ్లు 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు. మీ వీధిలో ఏ పిల్లయినా హింస పడుతుంటే 1098కి చెప్పండి. మీలో టీచర్లు కాబోతున్నవాళ్లకి ఒక్క విన్నపం. హోంవర్క్ చెయ్యని పిల్లని బెంచీ ఎక్కించే ముందు, రాత్రి ఇంట్లో ఏం జరిగిందో విడిగా అడగండి.

ఇంకో గంటలో అందరూ మెట్ల మీద ఫొటోలు దిగుతారు. మీ క్లాసులో ఎవరికోసం ఇంటి నుంచి ఎవరూ రాలేదో మీకు తెలుసు. వాళ్లని పిలిచి మీ అమ్మానాన్నల మధ్య నిలబెట్టి ఫొటో తీయించండి, మధ్యాహ్నం భోజనానికి మీతోపాటు కూర్చోబెట్టుకోండి. అమ్మలూ, నాన్నలూ, ఈ మాట మీక్కూడా చెబుతున్నాను. వాళ్లేం చదివారో అడగండి. చెప్పేది మొత్తం వినండి.