సొట్ట బంపరు



అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయాక, నాన్నగారి పాత కారు బాగుచేయించాలన్న పట్టుదల పెరిగింది నాకు. బంపరుకు మళ్లీ క్రోమ్ పూత వేయించాను. క్రోమ్ అంటాం గానీ, పైనుండే క్రోమియం పొర మైక్రానుకంటే పలచన; మెరుపు చాలావరకు దాని కిందున్న నికెల్‌దే. పూత గుంటను దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. అందుకే సొట్టలు ముందే తీయించాలి. ఎడమవైపు సొట్ట మాత్రం తీయనివ్వలేదు. పదో తరగతిలో దొంగతనంగా నడిపి మన బడి గేటుకు గుద్దింది నేనే! నాన్నగారు పల్లెత్తు మాట అనలేదు.

తెల్లంచు టైర్లు చూస్తే మనసు లాగుతుంది. ఆయన కారుకు అవి లేవు, వేయించలేదు. పసుపు ఫాగ్ లైట్లు మాత్రం పెట్టించాను. ఆయన కొనాలనుకున్నారు, ఆ డబ్బు నా ఇంజనీరింగ్ ఫీజుకు పోయింది.

కారు గేటు బయటే ఉంది, చూడండి.