వారంలో 156 గంటలు మన చేతుల్లోనే

 

మేము డాక్టర్లం కాము, హాస్టల్ వార్డెన్లం. జ్వరమొచ్చిన పిల్లల పక్కన రాత్రంతా మేలుకునేవాళ్లం. ఆ అనుభవంతోనే కిడ్నీ రోగుల సేవ గురించి నాలుగు మాటలు చెబుతాం.

ఉద్దానం మనకు పరాయి ఊరు కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో ఏళ్ల తరబడి ఈ జబ్బు ఉంది. మందస కొండల్లో మన సవర గూడేలున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్లకూ ఇది వస్తోంది. అసలు కారణం ఇంకా తేలలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. కాబట్టి ఇది చిల్లంగి కాదు, శాపం కాదు, అంటుకునేదీ కాదు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మంచిదే. కానీ లెక్క చూడండి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల డయాలసిస్ అంటే 12 గంటలు. వారంలో 168 గంటలున్నాయి. మిగిలిన 156 గంటలూ రోగిని చూసుకోవాల్సింది ఇంటివాళ్లే.

ఏం చూడాలి? ఫిస్టులా వేసిన చేతిని రోజూ తాకి చూడండి. లోపల జుమ్మని అదురు తెలియాలి. తెలియకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది వేయనివ్వకండి, బరువులు మోయనివ్వకండి. రోజూ ఒకే వేళకు బరువు చూసి నోటుబుక్కులో రాయండి. డాక్టరు చెప్పినంత నీళ్లే ఒక సీసాలో కొలిచి పెట్టండి. టీ, మజ్జిగ, చోడి అంబలి కూడా ఆ లెక్కలోవే. ఉప్పుచేప, ఊరగాయ తగ్గించాలి.

కొబ్బరి మన సీమ పంట. నీరసంగా ఉన్నాడని ప్రేమతో బొండం కొట్టిస్తాం. అందులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ రోగికి అది గుండె మీదికి తేగలదు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొన్న బిళ్లలు కూడా కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి. పడుకుంటే ఆయాసం, పాదాల వాపు, చలిజ్వరం కనిపిస్తే తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు.

ఇక అసలు మాట. సెలవులకు ఇంటికెళ్లిన ఆడపిల్ల ఒక్కోసారి హాస్టల్‌కు తిరిగి రాదు. కబురు పంపితే, "తాతని ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి లేదు మేడమ్" అంటుంది. సేవ గొప్పదే. కానీ అది ఒక్క ఆడపిల్ల చదువు మీదే ఎందుకు పడాలి? తమ్ముళ్లూ, మీకు బళ్లున్నాయి. గూడెంలో నలుగురు వంతులేసుకుంటే ఆ పిల్ల బడికొస్తుంది.

ఇంకొకటి. మన ముసలివాళ్లలో కొందరు తమ బాధను సవరలోనే చెప్పగలరు. నర్సమ్మకు ఆ మాట అర్థం కాదు. రెండు భాషలూ తెలిసినవాళ్లు మీరే. పక్కన నిలబడి ఆ మాట అందించండి. మన భాషను కాపాడుకోవడమంటే పాటలు, ఆటలు ఒక్కటే కాదు, ఇది కూడా.

ఈ వారమే మీ గూడెంలో డయాలసిస్‌కు ఎవరెవరు వెళుతున్నారో అడగండి. వంతుల కాగితం రాయండి. సెలవు.