చింతపిక్క లెక్క: సికిల్ సెల్ బిడ్డకు ఎలా వస్తుంది?

(సికిల్ సెల్ పింఛను లబ్ధిదారులు, వారి కుటుంబ సభ్యులతో కౌన్సెలర్ మాట్లాడిన పాఠం)

పింఛను సంగతి అడగడానికే చాలామంది వచ్చారని నాకు తెలుసు. అదీ చెబుతాను. ముందు ఇందాక గుమ్మం దగ్గర ఒక అమ్మ అడిగిన మాటకు జవాబు చెప్పాలి. "మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. పిల్లాడికి ఎలా వచ్చింది? మా అత్త నా పుట్టింటి వైపు నుంచే వచ్చిందంటోంది" అని అడిగింది. ఈ మాట నేను వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ వింటున్నాను.

మన శరీరం ఎలా తయారవ్వాలో చెప్పే సమాచారం జన్యువుల్లో ఉంటుంది. ఆ జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయి. క్రోమోజోములు మనకు 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు సంబంధించిన జన్యువు 11వ జత మీద ఉంది. అందులో ఒక్క అక్షరం మారిందంటే, గుండ్రంగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగిపోతుంది. అది సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే వచ్చేదే ఆ భరించలేని ఒళ్ళు నొప్పి. మామూలు కణం 120 రోజులు బతుకుతుంది. ఈ కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. రక్తం తగ్గిపోవడం, కళ్ళు పచ్చబడడం అందుకే.

ఇప్పుడు చింతపిక్కలు తీయండి. అష్టాచెమ్మా ఆడడానికి పిక్కను ఒకవైపు బండ మీద అరగదీస్తాం కదా, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. తెలుపు మంచి జన్యువు, నలుపు సికిల్ జన్యువు అనుకోండి. ఇలా రెండు రంగులూ ఉన్న పిక్కలాంటి మనిషిని వాహకులు అంటాం. తెలుపు ఒక్కటి ఉన్నా పని సాగిపోతుంది కాబట్టి వాళ్ళకు సాధారణంగా జబ్బు లక్షణాలు ఉండవు. నలుపు ఉంది, కానీ పైకి కనబడదు. పుస్తకాల్లో దీన్నే అంతర్గత లక్షణం అంటారు. రక్తపరీక్ష చేయించకపోతే ఎనభై ఏళ్ళు బతికినా ఆ సంగతి తెలియకపోవచ్చు.

అమ్మ ఒక పిక్క, నాన్న ఒక పిక్క. ఇద్దరూ వాహకులే. రెండూ కలిపి వేయండి. రెండూ తెల్లగా పడితే బిడ్డకు ఏమీ లేదు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అయితే బిడ్డ కూడా వాహకులే. రెండూ నల్లగా పడితేనే జబ్బు. ఇలా పడే అవకాశం నూటికి 25. వాహకులయ్యే అవకాశం 50, ఏమీ లేకుండా పుట్టే అవకాశం 25. చూశావా అమ్మా, మీ అత్తకు చెప్పు: నలుపు రెండు వైపుల నుంచీ వస్తేనే నీ పిల్లాడికి జబ్బు వచ్చింది. ఒక్క పుట్టింటి మీద తోసేస్తే కుదరదు.

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. "నలుగురిలో ఒకరికి అన్నారు, పెద్దాడికి వచ్చేసింది, ఇక మిగతా వాళ్ళకు రాదు" అనుకుంటున్నారు. అలా కాదు. ప్రతి కాన్పూ పిక్కలను మళ్ళీ కొత్తగా వేయడమే. కిందటిసారి ఏం పడిందో పిక్కకు గుర్తుండదు. వరసగా ఇద్దరికి వచ్చిన ఇళ్ళున్నాయి, నలుగురిలో ఒక్కరికీ రాని ఇళ్ళూ ఉన్నాయి.

అమ్మానాన్నల్లో ఒక్కరే వాహకులైతే? ఒక పిక్క రెండువైపులా తెలుపే. రెండు నలుపులు పడవు. పిల్లలు వాహకులు కావచ్చు గానీ ఈ జబ్బు రాదు. మేనరికంలో భయం ఎందుకంటే, తాతముత్తాతలు ఒకరే కాబట్టి అదే నలుపు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. మేనరికం కానంత మాత్రాన పరీక్ష మానేయకండి.

మన మన్యంలోనే ఎందుకింత ఉంది అంటారా? ఒక్క నలుపు ఉన్న పిల్లలు ప్రాణం తీసే మలేరియాను కొంత తట్టుకుంటారు. మలేరియా ఎక్కువున్న చోట్ల వాళ్ళు బతికి బట్టకట్టారు, జన్యువు తరతరాలుగా నిలిచిపోయింది. అమ్మవారి కోపమూ కాదు, చేతబడీ కాదు. (దోమతెర మాత్రం అందరూ కట్టుకోవలసిందే.)

ఇక పింఛను. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయలు సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకే, అంటే రెండు నలుపులు ఉన్నవాళ్ళకే. వాహకులకు రాదు. "పక్కింటి వాళ్ళకూ పాజిటివే, మాకూ పాజిటివే, మాకెందుకు ఇవ్వరు" అని గొడవపడే ముందు కాగితం చూడండి. చుక్క రక్తంతో ఊళ్ళో చేసే మొదటి పరీక్షలో వాహకులకూ, జబ్బు ఉన్నవాళ్ళకూ పాజిటివే వస్తుంది. తేడా చెప్పేది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. ఆ రిపోర్టులో ఏఎస్ అని ఉంటే వాహకులు, ఎస్ఎస్ అని ఉంటే జబ్బు. మొదటి కాగితం ఒక్కటే పట్టుకుని సచివాలయం చుట్టూ తిరగొద్దు.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వాళ్ళకు పరీక్షలు చేస్తున్నారు. పెళ్ళి మాటలు మొదలవక ముందే చేయించండి. వాహకులని తేలితే పెళ్ళి చేసుకోకూడదని కాదు. అవతలి వాళ్ళదీ చూసుకోవాలి. ఇద్దరూ వాహకులై ఇప్పటికే పెళ్ళయి ఉంటే, నెల తప్పిన వెంటనే ఏఎన్ఎంకు చెప్పండి. కడుపులో బిడ్డకు చేసే పరీక్షకు మొదటి నెలల్లోనే వెళ్ళాలి, ఏడో నెలలో వస్తే మేమేం చేయలేం.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ఆ బల్ల దగ్గరకు రండి. భార్యాభర్తలు ఇద్దరివీ కలిపి చూపించండి, ఒక్కరిదే చూసి నేను ఏమీ చెప్పలేను.