బొర్రా రాయి ఎవరిది?

(పూరీ గేట్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ఇంకా పది నిమిషాలుంది, అంతవరకే మాట్లాడతాను.

గడ్‌బేతా దగ్గర గన్‌గని మనలో చాలామంది చూశారు. శిలావతి నది కోసిన ఎర్ర లేటరైట్ లోయ అది. గండికోటలో పెన్నా కోసింది గట్టి క్వార్ట్‌జైట్‌ను. సున్నపురాయిని నీరు ఏం చేస్తుందో చూడాలంటే మాత్రం విశాఖ మన్యంలో, అనంతగిరి కొండల్లోని బొర్రాకు వెళ్లాలి. ఈసారి ఎల్‌ఎఫ్‌సీ మీద మేం అక్కడికే వెళ్లాం.

ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలకు ఆ లైను పరాయిది కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేశారు. 2003 వరకూ వాల్తేరు డివిజన్ మన ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. యాభైకి పైగా సొరంగాలు. ప్రతిదాంట్లో పిల్లలు కేకలు వేశారు, మేమూ వేశాం, దాచడం ఎందుకు?

గుహలోకి మెట్లు దిగాలి. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. రాయిని కరిగించుకుంటూ జారి, బొట్టు రాలినచోట కాస్త సున్నం వదిలిపోతుంది. పైనుంచి వేలాడే ఊడలూ, కింద లేచిన దిమ్మలూ అలా పుట్టినవే. ఒకదాన్ని శివలింగంగా కొలుస్తారు. ఇక్కడి గోస్తని నీళ్లే తాటిపూడి జలాశయం చేరి విశాఖవాసుల దాహం తీరుస్తున్నాయి.

ఆ రాయికి బజారులో ధర కూడా ఉంది. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటువారికి గనుల లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ ‘వ్యక్తీ’ గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదన్నది చట్టం. మరి ప్రభుత్వం ‘వ్యక్తి’ అవుతుందా? అవుతుందని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చింది. లీజులు చెల్లవంది. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చంది.

‘గనులుంటే నాలుగు ఉద్యోగాలొచ్చేవి కదా’ అని మా తమ్ముడు రైల్లోనే వాదన పెట్టుకున్నాడు. కొండల్లో పని కరువన్నది నిజమే. మేనేజ్‌మెంట్ చదువులో నాకూ ఆస్తికి విలువ కట్టడమే ముందు నేర్పారు. కానీ బ్యాంకులో అప్పిచ్చేముందు మనం చూసేది హక్కు పత్రాలు. ఇల్లు ఎంత బాగున్నా, రాసిచ్చేవాడికి హక్కు లేకపోతే ఫైలు పక్కన పెడతాం. కోర్టు చేసిందీ అదే అని వాడితో అన్నాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు.

వెళ్లేవాళ్లు ఊడలను ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే పాడవుతాయి. బయట బొంగు చికెన్ అమ్మే ఆడవాళ్లతో బేరాలాడకండి. కిరండూల్ బండి విశాఖలో పొద్దున్నే బయల్దేరుతుంది, రిజర్వేషన్ ముందే చేయించుకోండి.