కష్టం మనది, నిచ్చెన ఎవరిది?

(వరంగల్‌లో డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడిన పెద్దాయన "కష్టపడుండ్రి, కంపెనీలే మిమ్ములను వెతుక్కుంట వస్తయి" అన్నడు. మంచికే చెప్పిండు. కానీ వరంగల్ గడ్డ మీద ఆ మాట వింటుంటే నాకు ఆజంజాహి మిల్లు యాదికొచ్చింది.

1934ల పెట్టిన మిల్లు అది. ఊరికెల్లి వచ్చినోడు మొదలు బదిలీ కార్మికునిగ చేరేటోడు. అంటే ఎవడన్న రాకుంటే ఆ పూటకు పని. కొన్నేండ్లకు పర్మినెంటు. చెయ్యి తిరిగినోడు జాబరు. వాని కష్టం ఆనాటి కూలితోటి చెల్లిపోలేదు, సర్వీసుల జమయింది. నేను నిచ్చెన అనేది దాన్నే.

ఆ మిల్లు 2002ల మూతపడ్డది. అప్పటికి అది నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతిల ఉండె, అంటే సర్కారుదే. జాగ ప్లాట్లయింది. మన నేతగాండ్లు అంతకుముందు నుంచే సూరత్, భీవండి, షోలాపూర్ బాట పట్టిండ్రు. పవర్‌లూమ్ కాడ పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. ఇరవై ఏండ్లు నడిపినోనికీ మీటరు లెక్కనే, నిన్న చేరినోనికీ మీటరు లెక్కనే. వీళ్లనా సోమరులన్నది?

నా సంగతి గూడ చెప్త. డిగ్రీ కాంగనే ఒక ఆఫీసుల ట్రైనీగ చేరిన. ఏడాదిన్నర రాత్రీ పగలు చేసిన, ట్రైనీగనే ఉన్న. జీతం ఎవరో కాంట్రాక్టరు పేరు మీద వచ్చేది. పర్మినెంటు ఎప్పుడని అడిగితే "ఇంకా కష్టపడు" అన్నరు.

ఇప్పుడు గీసుకొండ, సంగెం దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉన్నది. 2017ల శంకుస్థాపన అయింది. కేరళ కంపెనీ వచ్చింది, కొరియా కంపెనీ వచ్చింది. ఉద్యమంల నాతోటి నడిచిన కొందరు పెద్ద కంపెనీ అంటే దోపిడే అంటరు. ఇంకొందరు దండం పెడ్తరు. రెండూ నాకు నచ్చవు. రానీయుండ్రి. కానీ కుట్టుమిషన్ మీద కూసున్న మా చెల్లె మూడేండ్లకు ఏమైతది? లైన్ సూపర్‌వైజరా, అదే మిషనా? ఆమె ఎవరి మస్టర్ల ఉన్నది, కంపెనీదా, కాంట్రాక్టరుదా? ఇవి అడుగుదాం.

1961 అప్రెంటిస్ చట్టం ఒకటున్నది. 2019ల మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటె ఎక్కువ పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాంట్రాక్టోళ్లను గూడ కలుపుకొని లెక్కేసి, అండ్ల నూటికి రెండున్నర నుంచి పదిహేను మందిని. డిగ్రీ చదివిన నాకే ఇది శానా ఆలస్యంగ తెలిసింది.

మన తప్పు లేదా? ఉన్నది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. నియామకాలంటే సర్కారు కొలువే అనుకున్నం. ఒక్క నోటిఫికేషన్ కోసం అశోక్‌నగర్ గదులల్ల ఏండ్లు పోగొట్టుకుంటున్నం. మిషన్ కాడ చేసేటోనికి పిల్లనియ్యం. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల ప్రైవేటు గేటు ముంగట నిలబడి లెక్క అడిగే అలవాటు మనకు ఇంకా కాలేదు.

పార్కుల ఏ కంపెనీ ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకున్నదో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసుకొచ్చిన. నకళ్లు బయట బల్ల మీద ఉన్నయి. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకొని, పేరు, ఊరు రాసి పోస్టు చెయ్యుండ్రి.